పోటు పోయింది... రోగం పోలేదు!

పన్ను సలిపినన్నాళ్లూ లవంగం, సలుపు తగ్గాక మరుపు... మనలో చాలామంది చేసే పని ఇదే. కానీ పుప్పిపన్ను విషయంలో నొప్పి దానంతటదే తగ్గిపోవడం శుభవార్త కాదు. ఒక్కోసారి అసలు ప్రమాదం అక్కణ్నుంచే మొదలవుతుంది.

విజయనగరం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఇలాంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. ఇంటాయనకు కింది దవడలో పుప్పిపన్ను. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుంది. రాత్రి పడుకుంటే చాలు, పోటు చెవిదాకా పాకుతుంది.

‘ఓపాలి ఆస్పత్రికెల్లి సూపించుకో మావా’ అంటుంది ఇల్లాలు.

‘పైడితల్లమ్మ పండగ అయిపోనీ, సూద్దుం’ అంటాడాయన.

ఈలోగా మందుల షాపులో కొన్న బిళ్లలు, పంటికింద లవంగం. సిరిమానోత్సవం నాటికి నిజంగానే నొప్పి మాయం! ‘సూసినావా, తగ్గిపోనాది’ అని ఆయన ధీమా. ఇక ఆస్పత్రి ఎందుకు? పండగ అయిన కొన్ని వారాలకు ఓ రోజు నిద్ర లేచేసరికి బుగ్గ బూరెలా పొంగింది. నోరు సగమే తెరుచుకుంటోంది. ఒళ్లు కాలిపోతోంది. గుటక వేయాలంటే ప్రాణాలు పోతున్నాయి.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నొప్పి నిజంగానే తగ్గింది. మరి ఈ వాపు ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ సంగతి అర్థమైతే పంటి చీముగడ్డ గురించి సగం తెలిసినట్టే.

చచ్చిన నరం చాడీలు చెప్పదు

పన్ను పైకి రాయిలా కనిపిస్తుంది కానీ లోపల ప్రాణం ఉంటుంది. పైన పింగాణిలా మెరిసేది ఎనామిల్. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. దాని కింద డెంటిన్. నట్టనడుమ చిన్న గదిలో మెత్తటి గుజ్జు. నరాలు, రక్తనాళాలు ఉండేది అక్కడే. ఈ గుజ్జు సన్నటి దారాల్లా వేర్ల కొసదాకా వెళ్లి, అక్కడి రంధ్రంలోంచి దవడ ఎముకతో కలుస్తుంది.

మనం తినే తీపినీ పిండిపదార్థాలనీ నోట్లోని సూక్ష్మజీవులు కూడా తింటాయి. తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లమే ఎనామిల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అదే పుప్పి. ఎనామిల్ దాకా ఉన్నంతకాలం నొప్పి తెలియదు. డెంటిన్‌లోకి దిగితే చల్లనీళ్లకీ తీపికీ జివ్వుమనడం మొదలు. గుజ్జుదాకా చేరితే... ఇక నిద్ర ఉండదు!

ఒంట్లో మరెక్కడైనా దెబ్బ తగిలితే ఆ చోటు వాస్తుంది. వాయడానికి చోటుంటుంది. పంటిలోపలి గుజ్జుకు ఆ వీలు లేదు. నాలుగువైపులా గట్టి గోడలే. వాపు పెరిగేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే గుండె కొట్టుకున్నట్టు టకటకమని పోటు. పడుకుంటే తలకు రక్తప్రసారం పెరిగి ఆ పోటు ఎక్కువవుతుంది. ఆ ఒత్తిడికి చివరికి రక్తనాళాలు నలిగిపోతాయి. రక్తం అందక గుజ్జు చచ్చిపోతుంది. దాంతోపాటే నరమూ!

నరం చచ్చిపోయాక నొప్పి చెప్పేదెవరు? అదిగో, సరిగ్గా అప్పుడే మనం ‘తగ్గిపోయింది’ అనుకుంటాం. వేలు కాలుతున్నప్పుడు మొద్దుబారితే కాలడం ఆగినట్టు కాదు కదా... ఇదీ అంతే.

చీము ఎటు పోతుంది?

చచ్చిన గుజ్జు సూక్ష్మజీవులకు పండగ భోజనం. అవి అక్కడే పెరిగి, వేరు కొసనున్న రంధ్రంలోంచి ఎముకలోకి దిగుతాయి. వాటిని ఎదుర్కోవడానికి శరీరం తెల్లరక్తకణాలను పంపిస్తుంది. ఈ యుద్ధంలో చచ్చిన కణాలు, సూక్ష్మజీవులు, కరిగిన కణజాలం కలిసిందే చీము. అది ఎముకను కొద్దికొద్దిగా తినేస్తూ బయటికి దారి వెతుక్కుంటుంది. ఇదంతా కొందరిలో రోజుల్లో జరిగిపోతుంది, కొందరిలో నెలల తరబడి చడీచప్పుడు లేకుండా సాగుతుంది.

అదృష్టం బాగుంటే చిగురుమీద చిన్న పొక్కులా లేచి నోట్లోకే పగులుతుంది. ఉప్పగా, చేదుగా ఏదో రుచి, దుర్వాసన. ఒత్తిడి తగ్గింది కాబట్టి నొప్పి మళ్లీ మాయం. పుప్పిపన్ను చేసే రెండో మోసం ఇది! పొక్కు ఆరుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పగులుతుంది. ఇలాంటి పొక్కుతో ఏళ్లతరబడి నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు.

దారి అటు కాకుండా ఇటు దొరికితే మాత్రం కష్టం. పై పళ్ల చీము బుగ్గలోకీ, కంటి కిందికీ పాకవచ్చు. అక్కడి సిరల ద్వారా అరుదుగానైనా మెదడు దాకా వెళ్లే దారి ఉంది. కింది దవడ పళ్ల చీము నాలుక కిందికీ, గడ్డం కిందికీ, మెడలోకీ దిగవచ్చు. నాలుక కింది భాగం రెండువైపులా వాచిపోతే నాలుక పైకీ వెనక్కీ జరిగి ఊపిరి దారినే మూసేస్తుంది. ఈ స్థితిని 1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ వివరించాడు. అందుకే దాన్ని లుడ్విగ్స్ యాంజైనా అంటారు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు బతికించగలుగుతున్నారు... సమయానికి ఆస్పత్రికి చేరితే!

80 డాలర్లకు పోయేది...

ఇదంతా వైద్యసౌకర్యాలు లేనిచోట సంగతి అనుకుంటే పొరపాటే. 2007 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో 12 ఏళ్ల పిల్లాడు పంటి చీముగడ్డతో చనిపోయాడు. దవడ పన్నులోని సూక్ష్మజీవులు మెదడుకు చేరాయి. రెండుసార్లు మెదడుకు ఆపరేషన్ చేశారు, ఆరు వారాలకు పైగా ఆస్పత్రిలో ఉంచారు. సుమారు రెండున్నర లక్షల డాలర్ల ఖర్చు. అయినా దక్కలేదు. మొదట్లోనే ఆ పన్ను తీసేసి ఉంటే అయ్యే ఖర్చు 80 డాలర్లు. పేద కుటుంబం, పంటి డాక్టరు దొరకలేదు. ప్రపంచంలోకెల్లా ధనికదేశంలో ఒక పుప్పిపన్ను పిల్లాడి ప్రాణం తీసిందని ఆ దేశమంతా చర్చించుకుంది. పిల్లల ప్రభుత్వ బీమాలో పంటి వైద్యాన్ని తప్పనిసరి చేస్తూ 2009లో చట్టం వచ్చింది.

ఇలా జరగడం అరుదే. కానీ ముందే ఆపగలిగిన చావు ఒక్కటైనా ఎక్కువే కదా.

బిళ్లలు ఎందుకు సరిపోవు?

‘యాంటీబయాటిక్స్ వాడుతున్నాంగా, చాలదా?’ అని చాలామంది అనుమానం. చాలదు. కారణం తేలికే. మనం మింగిన మందు రక్తంలో కలిసి రోగమున్న చోటికి చేరాలి. చచ్చిన పంటిలోపల రక్తప్రసారమే లేదు. ఇక మందు వెళ్లేదెలా? చుట్టుపక్కల ఉన్న సూక్ష్మజీవులు చస్తాయి, వాపు తగ్గుతుంది. కానీ పంటిలోపలి పుట్ట అలాగే ఉంటుంది. బిళ్లలు ఆపిన కొన్నాళ్లకు మళ్లీ మొదలు.

అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో పంటిపోటుకు గానీ, పంటి దగ్గరే ఉన్న చీముగడ్డకు గానీ ముందు చేయాల్సింది పంటికి చికిత్సే. జ్వరం వచ్చినా, నీరసంగా ఉన్నా, వాపు పాకుతున్నా అప్పుడు యాంటీబయాటిక్స్ కావాలి. అదీ పంటి చికిత్సతోపాటే, దాని బదులు కాదు.

షాపులో అడిగి రెండు పూటలకు సరిపడా కొనుక్కోవడం, పోటు తగ్గగానే ఆపేయడం మరీ తప్పు. ఇలాంటి అరకొర వాడకంవల్లే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా తయారవుతాయి. రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు ఆ మందే పనిచేయకపోతే?

ఉద్దానం వాళ్లు మరీ జాగ్రత్త

పంటిపోటుకు మనవాళ్లు ముందు కొనేది నొప్పి బిళ్ల. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. మూత్రపిండాలు బాగున్నవాళ్లు డాక్టరు చెప్పిన మోతాదులో రెండుమూడు రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు ఇవి పుండుమీద కారమే!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో... ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో అందరికీ తెలుసు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ జబ్బుతో చిక్కేమిటంటే మొదట్లో లక్షణాలేవీ కనిపించవు. తనకు జబ్బు ఉందని తెలియనివాళ్లు కూడా పంటిపోటని రోజుల తరబడి నొప్పి బిళ్లలు మింగేస్తే ఉన్న కాస్త శక్తీ తగ్గిపోవచ్చు.

కాబట్టి ఆ ప్రాంతంవాళ్లు పంటి డాక్టరు దగ్గరికి వెళ్లగానే ‘మాది ఉద్దానం’ అని చెప్పాలి. క్రియాటినిన్ పరీక్ష చీటీ ఉంటే చూపించాలి. దాన్నిబట్టి డాక్టరు ఏ మందు, ఎంత మోతాదు అన్నది నిర్ణయిస్తారు. తాత్కాలికంగా పోటు తగ్గడానికి ఇలాంటివాళ్లకు పారాసెటమాల్ కొంత మేలు. అదీ మోతాదు మించకూడదు. మద్యం అలవాటున్నవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు అడక్కుండా వాడకూడదు.

ప్రతి వాపూ చీము కాదు

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి మరొకటుంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు. ముఖ్యంగా పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామస్థులను పరీక్షించిన పరిశోధకుల నివేదిక 1971లో వెలువడింది. అందులో వందకు నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లేనని తేలింది. ఈ అలవాటువల్ల అంగిట్లో మచ్చలు, పుళ్లు, చివరికి కేన్సర్ కూడా రావచ్చని ప్రపంచానికి తెలియడంలో మన జిల్లాలో జరిగిన ఆ పరిశోధనకు పెద్ద పాత్రే ఉంది.

ఇది ఇక్కడెందుకంటే... అంగిట్లోనో చిగురుమీదో పుండో గడ్డో కనిపిస్తే ‘పుప్పిపన్ను వాపేలే’ అని ఊరుకునే ప్రమాదం ఉంది. రెండు వారాలైనా మానని పుండు, నొప్పిలేని గట్టి గడ్డ, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను... వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించాలి. ఇంట్లో చుట్ట తాగే బామ్మ ఉంటే నెలకోసారి వెలుతురులో నోరు తెరిపించి అంగిలి చూడండి. ఆవిడ విసుక్కున్నా సరే!

డాక్టరు ఏం చేస్తారు?

ముందు పంటిని తట్టి చూస్తారు. చిన్న ఎక్స్‌రే తీస్తారు. వేరు కొసన ఎముక ఎంత తిన్నదో అందులో తెలుస్తుంది. తర్వాత చేసేది ముఖ్యంగా మూడు పనుల్లో ఒకటి.

మొదటిది చీము బయటికి తీయడం. పంటిలోంచి గానీ, చిగురుమీద చిన్న గాటు పెట్టి గానీ తీస్తారు. ఒత్తిడి పోగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అయితే చికిత్స అక్కడితో అయిపోదు.

రెండోది రూట్ కెనాల్. పంటిలోపలి చచ్చిన గుజ్జును తీసేసి, వేర్ల దారులను శుభ్రం చేసి, మందుతో నింపి మూసేస్తారు. ఒకటి నుంచి మూడు నాలుగుసార్లు వెళ్లాల్సి రావచ్చు. మన పన్ను మనకే ఉంటుంది. ఆ తర్వాత పెళుసుగా మారిన పంటికి తొడుగు వేయించుకోవడం మంచిది. చాలామంది నొప్పి పోగానే సగంలో ఆపేస్తారు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఊడితే కథ మళ్లీ మొదటికే!

మూడోది పన్ను తీసేయడం. పన్ను మరీ పాడైపోయినా, రూట్ కెనాల్ ఖర్చు భరించలేకపోయినా ఇదే దారి. రోగమున్న పన్నును నోట్లో ఉంచుకోవడంకన్నా తీయించుకోవడమే మేలు.

చిగురు జబ్బువల్ల వచ్చే గడ్డకు చిగురు లోతుల్లో శుభ్రం చేస్తారు. జ్ఞానదంతం సగమే బయటికొచ్చి దానిపైనున్న చిగురు వాస్తే ఆ చోటిని కడిగి, తర్వాత అవసరాన్నిబట్టి పన్ను తీస్తారు.

అపోహలు వద్దు

‘పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది’... తరతరాలుగా వింటున్న మాటే. పంటి నరానికీ చూపునిచ్చే నరానికీ సంబంధం లేదు. నిజానికి కంటికి ముప్పు పన్ను తీయించడంవల్ల కాదు, చీమును అలా వదిలేయడంవల్లే.

‘వాపు ఉండగా ఆస్పత్రికి వెళ్లకూడదు’... చీము ఉన్నచోట మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయకపోవచ్చన్న మాట నిజమే. అంతమాత్రాన వాపు తగ్గేదాకా ఇంట్లో కూర్చోకూడదు. ముందు చీము తీయాలా, పన్ను తీయాలా అన్నది డాక్టరు తేలుస్తారు.

‘పాలపళ్లే కదా, ఊడిపోతాయి’... పాలపన్ను కింద అసలు పన్ను తయారవుతూ ఉంటుంది. పైన చీము పడితే కింది పన్ను దెబ్బతినవచ్చు. పైగా పిల్లల్లో వాపు త్వరగా ముదురుతుంది. ఇంకో సంగతి. ఆరేళ్ల వయసులో వెనకవైపు కొత్తగా వచ్చే దవడ పళ్లు పాలపళ్లు కావు. అవి జీవితాంతం ఉండాల్సినవి.

‘కడుపుతో ఉన్నవాళ్లు పంటి వైద్యం చేయించుకోకూడదు’... చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరో నెల వరకు మరీ అనువైన సమయం. అత్యవసరమైతే ఏ నెలలోనైనా సరే. వదిలేసిన చీమే తల్లికి ఎక్కువ హాని.

షుగర్ ఉన్నవాళ్లలో చీము తొందరగా పాకుతుంది. చీము ఉన్నంతకాలం షుగర్ కూడా అదుపులోకి రాదు. వీళ్లు ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు ఆ విషయాన్ని పంటి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆస్పత్రికి వెళ్లేలోగా...

* గోరువెచ్చటి ఉప్పునీటితో పుక్కిలించండి.
* వాపుమీద వేడి కాపడం వద్దు. బుగ్గ బయట చల్లటి గుడ్డ పెట్టుకోవచ్చు.
* పొక్కును సూదితో పొడవకండి, పిండకండి.
* పుప్పిలో పొగాకు, కిరసనాయిలు, నలిపిన నొప్పి బిళ్ల కూరొద్దు. జీడిపిక్కల రసం చర్మాన్నే కాల్చేస్తుంది, నోటి దగ్గరికి అసలే రానివ్వొద్దు.
* లవంగ నూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. అది వైద్యం కాదు.

ఇలా ఉంటే క్షణం ఆగొద్దు!

గుటక పడకపోయినా, ఊపిరాడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, సొంగ కారుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, గడ్డం కింద మెడదాకా వాచినా, కన్ను మూసుకుపోయేంత వాపున్నా, చలిజ్వరంతో మగతగా ఉన్నా పంటి క్లినిక్‌కు కాదు, నేరుగా పెద్దాస్పత్రికే తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయండి. రాత్రయినా సరే, తెల్లవారనిద్దామనుకోవద్దు.

అంతదాకా రాకముందే అయితే ప్రభుత్వ ఆస్పత్రుల్లోని దంత విభాగాల్లో చూపించుకోవచ్చు. శ్రీకాకుళం దగ్గర చాపురంలోనూ, విజయనగరం-విశాఖ దారిలో సంగివలసలోనూ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. సాధారణంగా కళాశాలల్లో ఖర్చు ప్రైవేటు క్లినిక్‌లకన్నా తక్కువ. గుజరాత్‌లోని వెరావల్‌కు నెలల తరబడి వేటకెళ్లే మత్స్యకారులు, వలస వెళ్లే కూలీలు బయల్దేరేముందే పుప్పిపళ్ల సంగతి తేల్చుకుంటే మంచిది. నడిసంద్రంలో బుగ్గ వాస్తే ఒడ్డు చేరేదాకా దిక్కుండదు!

రోజూ రెండుపూటలా ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవడం, పూటపూటకీ మధ్య తీపి తగ్గించడం, ఆరునెలలకోసారి పళ్లు చూపించుకోవడం... ఇవి అందరికీ తెలిసినవే. చేసేవాళ్లే తక్కువ.

మొదట చెప్పుకున్న ఆ ఇంట్లో ఇల్లాలు అడిగింది ఎప్పుడు? పన్ను సలుపుతున్నప్పుడు. అప్పటికి గుజ్జు ఇంకా చావలేదు. ఎముకలో చీము లేదు. ఒకటిరెండు రోజుల పనితో పోయేది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ‘పంటిపోటు దానంతటదే తగ్గిపోయింది’ అంటే సంతోషించకండి. పండగకు ముందే ఓసారి ఆస్పత్రికి తీసుకెళ్లండి. పండగ కూడా హాయిగా, నోరారా తింటూ చేసుకోవచ్చు!